అవతలి పక్క

వినీలకి సముద్రాలు దాటాలని ఉంది. కో పైలట్‌గా చేరి మూడేళ్లయింది. ఆ మూడేళ్లూ హైదరాబాదు, తిరుపతి, మళ్లీ హైదరాబాదు, రాజమండ్రి. రోజుకి నాలుగుసార్లు ఎగరడం, నాలుగుసార్లు దిగడం. రెక్కలున్న సిటీ బస్సు నడుపుతున్నానని ఇంట్లో విసుక్కునేది.

ఇన్నాళ్లకి దూరదేశాలు తిరిగే పెద్ద విమానాల్లో ఖాళీలు పడ్డాయి. శనివారం లోపు దరఖాస్తు పంపాలి. దానికి ఆమె కెప్టెన్ దైవాధీనం గారి సిఫార్సు ఉత్తరం జతచేయాలి. అది లేకపోతే ఇంకో రెండేళ్లు ఇదే తిరుగుడు.

దైవాధీనం గారు పెద్ద విమానాలు తొమ్మిదేళ్లు నడిపి, తనంతట తానే దగ్గరి ఊళ్లకి తిరిగొచ్చిన మనిషి. అక్కడ మేలా, ఇక్కడ మేలా అని వినీల వారంరోజులుగా ఆయన ప్రాణం తోడేస్తోంది. అక్కడ పద్నాలుగు గంటల ప్రయాణం, వంతులవారీగా నిద్ర, నెలకి రెండు మూడుసార్లు విమానాన్ని తన చేత్తో నేలకి దించితే గొప్ప. ఇక్కడ ఇంటి భోజనం దొరుకుతుంది గానీ రోజంతా ఉరుకులు పరుగులు. ఇలా రెండువైపులా తనే వాదించేది. ఆయన నవ్వి ఊరుకునేవారు.

బుధవారం మధ్యాహ్నం రాజమండ్రిలో ఉన్నారు. ఆ రోజుకి అది నాలుగో ప్రయాణం, ఆఖరిది. ఎండ మాడ్చేస్తోంది. బయల్దేరే ముందు ప్రతిసారీ పైలట్లలో ఒకరు కిందికి దిగి, విమానం చుట్టూ నడిచి, చక్రాలూ రెక్కలూ స్వయంగా చూసుకోవాలి. ఆ వంతు వినీలది. పొద్దుటినుంచి మూడుసార్లు చూసిన విమానమే కదా అనుకుంది. కుడి రెక్క దాకా వెళ్లి, వెనక్కి తిరిగొచ్చేసింది.

"అంతా బాగుంది సార్."

"ఎడమ చక్రాలు కూడానా?"

"అవును సార్."

దైవాధీనం గారు సీటు బెల్టు విప్పుకుని, మెరుపు పట్టీల కోటు తొడుక్కుని కిందికి దిగారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి ఆ ఎండలో ఇటువైపు ప్రతి చక్రం దగ్గరా వంగి చూడడం వినీలకి కిటికీలోంచి కనిపించింది. కాసేపటికి అవతలి పక్కకి వెళ్లి కనుమరుగయ్యారు.

తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో ఒక కవరు ఉంది. దాని మీద వినీల పేరు.

"నీ సిఫార్సు ఉత్తరం మీద సంతకం పెట్టేశాను. ఎడమ చక్రాల దగ్గర ఉండే ఇంజనీరు కరీముల్లాకి ఇందాకే ఇచ్చి ఉంచాను, నువ్వు అటు రాగానే ఇమ్మని."

వినీలకి తల కొట్టేసినట్టయింది. బద్ధకించడం ఒక ఎత్తు, ఆయన ముందు అబద్ధమాడడం ఇంకో ఎత్తు. తను పెద్ద విమానాలకి పనికిరాదనేనా ఆయన ఉద్దేశం అని అడిగింది.

ఆయన కవరు ఆమె చేతికిచ్చారు.

"అక్కడికి వెళ్లినా, ఇక్కడే ఉన్నా, విమానానికి అవతలి పక్క కూడా ఉంటుందమ్మా."

ప్రయాణికులు ఇంకా ఎక్కుతున్నారు. వినీల లేచి కోటు తొడుక్కుంది. విమానం ముక్కు దగ్గర మొదలుపెట్టి, కుడి రెక్కా తోకా చూసుకుంటూ ఎడమ చక్రాల దాకా వచ్చింది. కరీముల్లా ఇంకా అక్కడే ఉన్నాడు. ఆమె కవరు తిరిగి అతని చేతిలో పెట్టింది.

"రేపు కూడా నాలుగో ప్రయాణం ఇక్కణ్ణుంచే అన్నా. ఎవరూ చెప్పకుండా నేను ఇటు దాకా వస్తేనే ఇవ్వు."