వెన్నగుండంలో తలంటు

అనగా అనగా, గుట్టల నడుమ వెదురుకోట అని ఒక రాజ్యం. దాన్ని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, నడిపివాడు విజయకేతు, చిన్నవాడు మణికేతు. పెద్దవాళ్ళిద్దరూ ఎవరేం చెప్పినా నమ్మేవాళ్ళు. మణికేతు ఎవరేం చెప్పినా నమ్మేవాడు కాదు. పాలు ఇస్తే సున్నపు నీళ్ళేమోనని వాసన చూసేవాడు. పరుపు వేస్తే కింద ఏముందోనని తిరగేసేవాడు. కోటలో అందరూ అతన్ని చాటుగా అనుమానాలయ్య అనేవారు. చాటుగా అంటున్నారని కూడా అతనికి అనుమానమే.

ఒకనాడు ఒక బాటసారి వచ్చి వింతలు చెప్పాడు. ఏడు గుట్టల అవతల వేడినీటి బుగ్గలున్నాయట. మెట్లు కట్టినట్టు తెల్లటి గుండాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయట. పక్కనే ఎప్పటిదో పాడుబడిన నగరం ఉందట. చూసి వస్తానని జయకేతు వెళ్ళాడు. నెల గడిచింది, రాలేదు. అన్నను తీసుకొస్తానని విజయకేతు వెళ్ళాడు. ఇంకో నెల గడిచింది, అతనూ రాలేదు. రాజు తిండి మానేశాడు. నాలుగడుగులు వేయలేని మనిషి, "నేనే వెళ్తాను," అని కర్ర అందుకున్నాడు.

"మీరు కూర్చోండి నాయనగారూ," అన్నాడు మణికేతు. "అన్నయ్యలు లేకుండా నేను తిరిగి రాను."

తల్లి ఒక మూటలో బియ్యం కట్టి ఇచ్చింది. "బుగ్గల్లో మూట ముంచితే అన్నం ఉడుకుతుందట, దారిలో పస్తులుండకు. ఒక్కటి మర్చిపోకు నాన్నా. తలంటుతామని పిలిచిన పెద్దవాళ్ళను కాదనడం మన ఇంటావంటా లేదు. కాదంటే ఆయుష్షు తగ్గుతుంది." ఇదే మాట పెద్దకొడుకులిద్దరికీ కూడా చెప్పి పంపింది మహాతల్లి.

మణికేతు ఒక గుట్ట దాటాడు, రెండు గుట్టలు దాటాడు, ఆరు గుట్టలు దాటాడు. ఏడో గుట్ట మీద ఒక తీతువు పిట్ట అతని నెత్తి మీద గిరగిరా తిరిగింది.

"వెళ్ళకు! వెళ్ళకు! అక్కడ సత్రం పెట్టినవాడు తాత కాదు, ఉష్ణదంష్ట్రుడనే మాంత్రికుడు! వాడి ప్రాణం పాడు నగరంలో చన్నీళ్ళ బావిలో, పచ్చకప్పలో ఉంది!"

మణికేతు పిట్ట వైపు ఎగాదిగా చూశాడు. "మాంత్రికుల ప్రాణం చిలకలో ఉంటుందని విన్నాను. కప్పలో ఏమిటి? పైగా తీతువు కూస్తే అశుభమంటారు. నిన్నెవరు పంపారో ముందు చెప్పు."

"ఎవరూ పంపలేదయ్యా!" అంది పిట్ట.

"అందరూ అలాగే అంటారు," అని అతను గుట్ట దిగాడు.

దిగగానే పాడు నగరం. కప్పులేని మండపాలు, ఒరిగిన స్తంభాలు, గోడల్లో మొలిచిన రావిమొక్కలు. వీధుల నిండా తెల్లరాతి బొమ్మలు. చెక్కినవాడెవడో మహా పనివాడు. కానీ మణికేతుకు మనసు ఊరుకోలేదు. ఏ శిల్పి అయినా దేవుళ్ళను చెక్కుతాడు, రాజులను చెక్కుతాడు. చెవిలో నీళ్ళు పోయాయని వేలు పెట్టి ఆడించుకునేవాణ్ణి చెక్కుతాడా? వీపు తోముకునేవాణ్ణి చెక్కుతాడా? ఒక అమ్మాయి బొమ్మ జుట్టు పిండుకుంటూ, కనుబొమ్మలు ముడిచి ఎవరినో నిలదీస్తున్నట్టుంది. ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క కాకి లేదు, ఒక్క కుక్క లేదు.

నగరం చివర బుగ్గలు. ఎంత అనుమానాలయ్య అయినా అతను కూడా నోరు తెరిచాడు. కొండ మీంచి పొగలు కక్కుతూ నీళ్ళు తెల్లటి అంచెల మీద జారుతున్నాయి. అంచెకొక గుండం. కింద పాలగుండం, నడుమ ముత్యాలగుండం, పైన వెన్నగుండం.

గంధకం వాసనలోంచి తెల్లగడ్డం ముసలాయన చేతులు జోడించుకుంటూ వచ్చాడు. "రా నాయనా, రా! ఎంత అలిసిపోయావో! ఈ సత్రం నీదే అనుకో, ఈ తాత నీ తాతే అనుకో!"

అతి వినయం ధూర్త లక్షణం అన్నారు కదా. మణికేతు నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం ముసలాయన కాళ్ళ మీదే ఉన్నాయి.

"తాతా, ఇక్కడ పిట్టలు లేవేం?"

"ఆవిరికి బెదిరి రావు నాయనా."

"మా అన్నయ్యలు వచ్చారా?"

"వచ్చారు, హాయిగా స్నానాలు చేశారు, పడమటి దారిన వెళ్ళారు."

"ఊరందరికీ స్నానాలు చేయిస్తావు. నీ మడమలకు ఆ మట్టి పెచ్చులేమిటి?"

"పొలం పని నాయనా, ఇప్పుడే వచ్చాను."

అడిగిందే తడవు జవాబు. చుట్టూ చూస్తే పొలం మాత్రం లేదు.

ముసలాయన గిన్నెలో నువ్వులనూనె తెచ్చాడు. "రా, తలంటుతాను. వెన్నగుండంలో మునిగితే బడలికంతా పోతుంది."

మణికేతుకు తల్లి మాట గుర్తొచ్చింది. కాదంటే ఆయుష్షు తక్కువ, ఔనంటే ఏమవుతుందో తెలియదు. "అలాగే తాతా. ముందు ఆకలి తీరనీ," అని బియ్యం మూట విప్పి మూడు చిన్న మూటలు కట్టాడు. ఒకటి పాలగుండంలో ముంచాడు. అన్నం పలుకుగా ఉడికింది. ఒకటి ముత్యాలగుండంలో ముంచాడు. మెత్తగా ఉడికింది. మూడోది వెన్నగుండంలో ముంచి, చాటుగా విప్పి ఒక్క మెతుకు పట్టి చూశాడు. మెతుకు నలగలేదు. మూటంతా తెల్లటి గులకరాళ్ళు.

వీధుల్లో ఉన్నవి బొమ్మలు కావని, వెన్నగుండంలో మునిగి వచ్చిన మనుషులని అప్పుడు అర్థమైంది. గులకరాళ్ళు మూటలోనే కట్టేసి ముసలాడి వైపు తిరిగాడు.

"తాతా, మా ఇంటి పద్ధతి ఒకటుంది. పెద్దల తల తడవందే చిన్నవాళ్ళ తల తడవకూడదు. ముందు నువ్వు మునుగు, నేనే నీకు తలంటుతాను."

ముసలాయన నవ్వు సగంలో ఆగింది. "నేను పొద్దున్నే..."

"మడమల మట్టి చూశానులే. కూర్చో, కుంకుళ్ళు తెస్తాను," అని మణికేతు నెమ్మదిగా నడిచి, గోడ చాటవగానే కాళ్ళకు బుద్ధి చెప్పాడు.

మండపం మెట్ల మీద నూనె తలతో ఒక బొమ్మ, దాని పక్కనే ఇంకొకటి. మొలతాళ్ళకు తల్లి కట్టిన తాయెత్తులు. జయకేతు, విజయకేతు. మణికేతు పెద్దన్న రాతిచేయి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

తీతువు స్తంభం మీద వాలింది. "ఏడుపు తర్వాత. బావి వెనకే ఉంది. అందులో కప్పలు బోలెడు, కూయని కప్ప వాడి ప్రాణం."

"నువ్వు వాడి మనిషివైతే? బావిలోకి దిగగానే బండ మూసేస్తే? ఏమిటి రుజువు?"

"రుజువు లేదు," అంది పిట్ట. "నేను నేల మీద గుడ్లు పెట్టుకునే పిట్టను. ఈ ఏడు పెట్టిన నాలుగూ వెన్నగుండం నీళ్ళు తగిలి రాళ్ళయ్యాయి. ఇంతకన్నా నాకేమీ చెప్పడం రాదు."

మణికేతు ఆలోచనలో పడ్డాడు. ముసలాడి దగ్గర ప్రతిదానికీ జవాబుంది. అబద్ధం సిద్ధంగా ఉంటుంది, కడుపుకోత తడుముకుంటుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతను, ఏమీ చూడకుండా, ఏమీ వాసన పట్టకుండా, ఒక మాట నమ్మి బావిలోకి దిగాడు.

నీళ్ళు మంచులా ఉన్నాయి. కప్పలన్నీ బెకబెకమంటున్నాయి. ఒక మూల పచ్చకప్ప ఒకటి నోరు మెదపకుండా చూస్తోంది. గుప్పిట పట్టాడు. పట్టగానే బయట పెడబొబ్బ వినిపించింది. పైకి వచ్చేసరికి ముసలాడు గడ్డం ఊడి, కోరలు వచ్చి, తాటిచెట్టంత అయి వస్తున్నాడు.

"నాయనా, అది వట్టి కప్ప! వదిలెయ్!"

"వట్టి కప్పయితే దానికీ తలంటుదాం," అని మణికేతు వాడి కాళ్ళ సందులోంచి దూరి, పాలగుండం దాటి, ముత్యాలగుండం దాటి, కప్పను వెన్నగుండంలో వేశాడు. కప్ప తెల్లరాయి అయింది. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉష్ణదంష్ట్రుడూ రాయి అయ్యాడు.

నగరమంతా పెచ్చులు రాలిన చప్పుడు. చెవిలో వేలున్నవాడు వేలు తీశాడు. వీపు తోముకునేవాడు తోమడం పూర్తి చేశాడు. జయకేతు కళ్ళు తెరిచి, "నీళ్ళు భలే ఉన్నాయిరా తమ్ముడూ, నువ్వూ దిగు!" అన్నాడు. మణికేతు అన్నలిద్దరినీ కావలించుకుని మళ్ళీ ఏడ్చాడు. ఎక్కడో నేల మీద నాలుగు గుడ్లు చిట్లాయి. తీతువు అటు ఎగిరిపోయింది.

జుట్టు పిండుకునే అమ్మాయి మాత్రం చేయి నడుముకు పెట్టింది. ఆమె తామరకొలను రాకుమారి హంసావళి. "ఆగండి. వాడు మాంత్రికుడు సరే, మీరెవరు? ఇంకో మాంత్రికుడు కాదని నమ్మకమేమిటి?"

మణికేతు ఆమె వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. అనుమానం పెనుభూతమంటారు గానీ, ఆ భూతం ఇంత అందంగా ఉంటుందని అతనెన్నడూ అనుకోలేదు. "మీతోపాటు తామరకొలను దాకా వస్తాను. దారంతా చూసి, మీరే తేల్చుకోండి," అన్నాడు.

"అయితే ముందు మీరు నడవండి. వెనక నేను కత్తి పట్టుకుని వస్తాను."

అన్నలు నవ్వారు. వెనక ఎవరైనా నడిస్తే ఒళ్ళు జలదరించే మణికేతు, తామరకొలను చేరేదాకా పది రోజులు ఆ కత్తి ముందే నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. పదకొండో రోజు, అక్కణ్ణుంచి వెదురుకోటకు బయలుదేరినప్పుడు, హంసావళి కత్తి ఒరలో పెట్టి, వచ్చి పక్కన నడిచింది.

వెదురుకోటలో ఇద్దరి పెళ్ళి అయిదు రోజులు జరిగింది. రాజు కర్ర పక్కన పడేసి రెండు విస్తళ్ళు ఖాళీ చేశాడు. అన్నలిద్దరూ రాజ్యం తమ్ముడికే ఇమ్మన్నారు, వీడైతే ఎవరి మాటకూ మోసపోడని. మణికేతు, హంసావళి చాలా కాలం చల్లగా ఏలారు. వాళ్ళు చల్లగా ఉన్నారు, విన్న మీరూ చల్లగా ఉండండి.