పక్క సీటు

ఒక జమీందారీలో పైడమ్మ అనే కమ్మరి ఉండేది. తెల్లదొర ఒకడు తుప్పుపట్టిందని వదిలేసిపోయిన జర్మనీ పందెపు కారును ఆమె ఏళ్ల తరబడి బాగుచేసి, కొత్త పెళ్లికూతురిలా తయారుచేసి అమ్మకానికి పెట్టింది. దానికి ఉన్నవి రెండే సీట్లు.

కబురు విని జమీందారు జగ్గరాజు వచ్చాడు. నచ్చిన వస్తువును వాడి చూస్తానని పట్టుకుపోయి, ఇక తిరిగి ఇవ్వకపోవడం ఆయన అలవాటు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

"కొన్నాళ్లు నడిపి చూస్తానే," అన్నాడు.

"ఎన్నాళ్లయినా నడపండి బాబూ. కొనేదాకా బండి నాదే కాబట్టి నేనూ వస్తాను," అంటూ పైడమ్మ మసి చీరతోనే పక్క సీట్లో కూర్చుంది.

ఇంటికెళ్లాక దింపేయొచ్చులే అనుకుని జగ్గరాజు బండి తోలాడు. దివాణం గుమ్మంలో ఆయన భార్య దొరసాని పట్టుచీర కట్టుకుని, చుట్టాలందరితో ఎదురుచూస్తోంది.

"ఈమె ఎవరండీ?" అందామె.

"బండి యజమానిని తల్లీ. బాబుగారు ఇంకా కొనలేదు," అంది పైడమ్మ.

"కొనేశానని కబురు పంపారే!"

చుట్టాలంతా జగ్గరాజు వంక చూశారు. ఆయన గొంతు సవరించుకుని, లోపలినుంచి సొమ్ము తెప్పించి పైడమ్మ చేతిలో పెట్టాడు.

పైడమ్మ దిగి, దొరసానికి తలుపు తీసి పట్టుకుంది.

"కూర్చోండి తల్లీ. సీటు మెత్తగానే ఉంది, దారంతా నేను వాడి చూశాను."