దివాను గారి తుమ్మబెరడు

ఆ సంస్థానంలో నల్లతుమ్మ కోటది, తెల్లతుమ్మ జనానిది. నల్లతుమ్మ బెరడుతో తోళ్లు పదును చేస్తారు. తెల్లతుమ్మ బెరడు సారాలో వేస్తారు, కానీ సారా కాస్తే కొరడా దెబ్బలే.

మేకలు కాసుకునే కాటమ్మ గుడిసె ముందున్న తెల్లతుమ్మ మీద దివాను భుజంగరావు కన్ను పడింది. రాజును పిలుచుకొచ్చి, "ఇది నల్లతుమ్మే ప్రభూ, కోటకు చెందాలి" అన్నాడు.

కాటమ్మ దండం పెట్టింది. "బతికించారు దొరా. దివాను గారి మనుషులు వారం వారం దీని బెరడు చెక్కుకుపోతుంటే సారాకేమోనని హడలిపోయాను. తోళ్లకేనన్నమాట."

"నీకు తోళ్ల పనుందా భుజంగం? పద, ఆ తోళ్లు చూద్దాం" అన్నాడు రాజు.

దివాను చెట్టును మళ్లీ ఎగాదిగా చూశాడు. "ఇది తెల్లతుమ్మలా ఉంది ప్రభూ."

"అయితే చెట్టు కాటమ్మదే" అన్నాడు రాజు. "ఇక సారా చూద్దాం పద."