గవర్రాజు ముక్కు మీద పచ్చ మచ్చ

గోదారి సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి. అక్కడ చేపలు పట్టే పిట్ట ఏదైనా సరే, ఏడాదికోసారి తాబేలు తాత దగ్గర లైసెన్సు తీసుకోవాల్సిందే. చిన్న ముక్కుకి పచ్చ మచ్చ, రుసుము ఒక చేప. సంచి ముక్కుకి ఎర్ర మచ్చ, రుసుము బుట్టెడు చేపలు. ఆ బుట్టలోవి తిని నీటికుక్కలు గట్టున కాపు కాస్తాయి. ఎర్ర మచ్చ వాళ్ళెవరైనా వలలో చిక్కుకుంటే ఈదుకెళ్ళి విడిపిస్తాయి. పచ్చ మచ్చ వాళ్ళు ఎంత బరువుంటారు చెప్పండి? వాళ్ళని తోటివాళ్ళే లాక్కొచ్చేస్తారు.

గూడకొంగ గవర్రాజుకి ఆ బుట్టెడు చేపలివ్వాలంటే ప్రాణం పోయినంత పని. ఈసారి ముక్కు కింది సంచిని తీగతో బిగించి కట్టుకుని, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏమైందిరా?" అన్నాడు తాత.

"సంచి చిరిగిపోయింది తాతా. ఇక నా వేటంతా ముక్కు చివరతోనే."

"అయ్యో!" పక్కనున్న లకుముకి పిట్ట నూకాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పచ్చ మచ్చ వేసెయ్యి తాతా. అన్నకేదైనా అయితే మేం లేమూ?"

తాత మచ్చ వేశాడు. గవర్రాజు మలుపు తిరగ్గానే తీగ తెంపి పారేసి, భలే పని చేశానని మురిసిపోయాడు.

వానాకాలం వచ్చింది. ఓ పొద్దున సంచి నిండా చేపలు కుక్కుకుని ఎగరబోతే, గవర్రాజు కాళ్ళకి పాత వల చుట్టుకుంది. పోటు నీరు మెడ దాకా వచ్చేసింది. రెక్కలు టపటపా కొట్టుకున్నాడు.

గట్టు మీద నీటికుక్కలు లేచాయి. "మచ్చ ఏ రంగుదిరా?" అంది ఒకటి.

"పచ్చ" అంది ఇంకోటి, గవర్రాజు ముక్కు చూసి.

"అయితే మన పని కాదులే. నూకాలూ, మీవాడేనమ్మా!"

నూకాలు, మొగుడు పోలయ్య రివ్వున వచ్చి వల పట్టుకుని లాగారు. గవర్రాజు కదిలితేనా!

"ఇంత బరువున్నావేంటన్నా? ఒళ్ళు నీరు పట్టిందా ఏంటి?"

గవర్రాజు నోరు మెదపలేదు. మెదిపితే చేపలు బయటపడతాయి మరి. నీళ్ళలో మునిగిపోతూ కూడా పరువే పట్టుకు కూర్చున్నాడు, వెధవ! మళ్ళీ లాగారు. దారం కోసుకుని నూకాలు రెక్కలోంచి రక్తం కారింది.

"వదిలెయ్యవే, మనమూ పోతాం!" అన్నాడు పోలయ్య.

"నువ్వూరుకో మావా. మేమున్నాం అని తాత ముందు మాటిచ్చాను."

ఆ మాట గవర్రాజు తట్టుకోలేకపోయాడు. నోరు తెరిచాడు. చేపలు బొలబొలా రాలాయి, కొన్ని నూకాలు వీపు మీదే పడ్డాయి. గట్టు గట్టంతా చూసింది.

"నీటికుక్కల్ని పిలు నూకాలూ. నేను ఎర్ర మచ్చ వాణ్ణి. దొంగని."

అవి వచ్చి వల కొరికి ఒడ్డుకి లాక్కొచ్చాయి. ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండేది. నూకాలు మాత్రం తెగిన రెక్క సర్దుకుంటూ, "పోన్లే అన్నా, సంచి బాగయిందిగా, అదే చాలు" అంది.

తాత ఎర్రరంగు తెచ్చేసరికి గవర్రాజు సిగ్గుతో ముక్కు ఎత్తలేకపోయాడు. ఇప్పటికీ చూడండి, గూడకొంగ ముక్కుని గుండెకి ఆనించుకునే కూర్చుంటుంది.

నలుగురికీ చెందాల్సింది ఎగ్గొట్టి దాచుకుంటే, ఆ నలుగురి ముందే కక్కాల్సి వస్తుంది.