మూసిన జలసంధి

సొరకోట రేవులో ఓడలకు దారి చూపించే పైడయ్య పనిలో దిట్టే కానీ, ఎవరైనా కాస్త పొగిడితే చాలు, ఒళ్లు మరిచిపోయేవాడు.

సొరకోట ముందు ఒక జలసంధి ఉండేది. రెండు సముద్రాలను కలిపే దగ్గరి దారి అదొక్కటే. నాలుగు దేశాల ఓడలు అందులోంచే వెళ్లేవి. దాని సన్నటి భాగంలో ఒకసారికి ఒక్క ఓడే పట్టేది. అక్కడి ఇసుక తిన్నెలన్నీ పైడయ్యకు కంఠతా వచ్చు.

ఒకరోజు రాజు ప్రతాపవర్మ అతన్ని కొలువుకు పిలిపించాడు.

"ఆ దారి మన చేతిలో ఉంటే మిగతా మూడు దేశాలూ మనకు మొక్కుతాయి. దాన్ని మూసే ఉపాయం చెప్పు. నీ అంత తెలిసినవాడు ఈ తీరంలోనే లేడట!" అన్నాడు.

పైడయ్య పొంగిపోయాడు. "మూడు పాత ఓడల్లో రాళ్లు నింపి సన్నటి చోట ముంచితే చాలు, మహారాజా" అన్నాడు.

సభంతా భళా అంది. రాజు తన శాలువా తీసి అతని భుజాల మీద కప్పాడు.

"మనకు కావాలన్నప్పుడు మళ్లీ తెరవచ్చు కదా?" అని అడిగాడు.

నీటి వడి ఆగితే ఇసుక మేట వేస్తుందనీ, ఇక ఆ దారి ఎప్పటికీ తెరుచుకోదనీ పైడయ్యకు తెలుసు. కానీ అందరూ అతన్నే మెచ్చుకోలుగా చూస్తున్నారు.

"తెరవచ్చు, ప్రభూ" అన్నాడు.

ఇంటికి వెళ్లాక భార్య నూకాలమ్మ నిలదీసింది. "ఇసుక మేట వేస్తే తీయడం ఎవరి తరమూ కాదని నువ్వే అనేవాడివి కదయ్యా! ఆ మాట రాజుగారికి చెప్పావా?"

"అంత సభలో నన్ను గౌరవిస్తుంటే అడ్డు మాట ఎలా చెప్పను?" అని పైడయ్య విసుక్కున్నాడు.

వారం తిరక్కుండా ఓడలు ముంచారు. జలసంధి తనదేనని రాజు చాటింపు వేయించాడు. దారి లేక నిలిచిపోయిన ఓడల్లో బియ్యం ముక్కిపోయింది. ఉత్తరదేశంలో పిల్లలు గంజికి ఏడ్చారు. దీవుల్లో జ్వరాలకు మందు అందలేదు. ఎప్పుడూ ఒకరితో ఒకరికి పడని ఆ మూడు దేశాలూ ఏకమై సొరకోట మీదికి వచ్చాయి.

యుద్ధం రెండేళ్లు సాగింది. రేవు తగలబడిపోయింది. రాజుగారి నావికాదళంలో ఉన్న పైడయ్య కొడుకు సింహాద్రి మొదటి ఏడే చనిపోయాడు. శవం కూడా దొరకలేదు. ఆ రోజు నుంచి నూకాలమ్మ భర్తతో మాట్లాడలేదు.

చివరికి ప్రతాపవర్మ ఓడిపోయాడు. దారి తెరుస్తానని మూడు దేశాలకూ మాట ఇచ్చాడు. వందలమంది కూలీలు నీళ్లలోకి దిగారు. పగలంతా వాళ్లు తోడిన ఇసుక ప్రతి పోటుకూ మళ్లీ పేరుకునేది. ముంచిన ఓడలు ఎక్కడున్నాయో ఆనవాలు కూడా తెలియలేదు. ఓడలు తిరిగిన చోట మోకాలి లోతు నీళ్లు మిగిలాయి.

"తెరవచ్చన్నావు కదా!" అని రాజు గద్దించాడు.

"తెరవలేమని నాకు అప్పుడే తెలుసు, ప్రభూ."

"మరెందుకు చెప్పలేదు?"

"మీ మెప్పు పోతుందని."

రాజు అతన్ని శిక్షించలేదు. "నేనూ నాకు నచ్చే మాటే వినాలనుకున్నాను" అని వెళ్లిపోయాడు.

పరాయి ఓడలు నెలల తరబడి చుట్టూ తిరిగి పోవడం నేర్చుకున్నాయి. సొరకోటకు మాత్రం ఏ ఓడా రాలేదు. జనం ఒక్కొక్కరే మూటలు కట్టుకుని ఊరు విడిచారు. నూకాలమ్మ తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. పైడయ్య ఒక్కడే ఆ ఖాళీ రేవులో ముసలివాడయ్యాడు.

నలుగురు నడిచే దారిని మూసేవాడు తన బతుకు దారినే మూసుకుంటాడు. ఆ కీడు ముందే తెలిసి కూడా మెప్పు కోసం నోరు మెదపనివాడు అతనితో సమానమైన దోషి.