పుల్లెద్దు కొనుక్కున్న భరోసా

కొండ కింద, నువ్వుచేల నడుమ ఒక పశువుల పాక. అందులో పుల్లెద్దు, మైలెద్దు ఒకే కాడి కింద మెడలు కాయలు కాయించుకున్న జోడీ. పుల్లెద్దుకి పుట్టుకతోనే గుండె నీరసం. గట్టు ఎక్కితే చాలు, లోపల డప్పు మోగేది. అప్పుడు మైలెద్దు కాడి బరువంతా తన మెడ మీదికి లాక్కునేది.

"నా బరువు ఎన్నాళ్లు మోస్తావురా?"

"నీ బరువెక్కడిదిరా, కాడి బరువేగా!"

ఆ జబ్బుకి తెల్లమద్ది బెరడు కషాయమే మందు. అది కొండవతల ఎలుగుబంటి వైద్యం. ఒక్కసారికి బండెడు తెలగపిండి అడుగుతుంది. అంత ఎవరిస్తారు? సరిగ్గా అప్పుడే నక్క పాకల వెంట తిరగడం మొదలుపెట్టింది.

"పక్షానికో తెలగపిండి చెక్క నా గుహ ముందు పెట్టండి. జబ్బు చేస్తే ఎలుగు బావని నేనే తీసుకొస్తా. నాకు నలుసు మిగిలితే ఒట్టు!"

మేక చేరింది, గాడిద చేరింది. పుల్లెద్దు వంతు రాగానే నక్క దాని రొమ్ముకి చెవి ఆనించింది.

"అమ్మో! ఇది గుండెనా, పగిలిన కుండా?"

"దాచను మామా. పుట్టినప్పటి నుంచీ ఇంతే."

"నిజం చెప్పావు, బంగారానివి! నిన్ను కాదంటానా? కాకపోతే నీకు మూడు చెక్కలు."

"ఊరికే అన్నారా నక్క వినయాలని? వద్దురా" అని గొణిగింది మైలెద్దు.

"నీది గట్టి గుండె. చావుభయం నీకేం తెలుసు!" అంది పుల్లెద్దు.

మూడు చెక్కలు ఎక్కడివి? నూనె గానుగ తిప్పిన ఎద్దుకి తెలగపిండి పెడతారు. పుల్లెద్దు పొద్దంతా దున్ని, ఆపైన గానుగకి కట్టించుకుంది. గానుగకి ఒంటెద్దే. పక్కన మెడ ఇవ్వడానికి మైలెద్దు లేదు.

ఓ రోజు సాలు మధ్యలో పుల్లెద్దు మోకాళ్ల మీద పడింది. మైలెద్దు నక్క దగ్గరికి పరుగెత్తింది.

"మామా, ఎలుగుని పిలువు!"

"పిలుస్తా. కానీ చేరకముందే ఉన్న జబ్బుకి మూడో వానాకాలం మొదలయ్యేదాకా ఆగాలి. ఇంకా ఒక్కటైనా రాలేదే!"

"ఆ మాట ముందే చెప్పలేదేం?"

"ఏమిస్తానో చెప్పాను. ఎప్పుడిస్తావని వాడు అడగలేదుగా! ఇప్పుడు మానేస్తే పెట్టినవన్నీ గోవిందా."

మానెయ్యమని మైలెద్దు ఏడ్చింది. "ఇంత పోశాక వదిలేస్తానా?" అని పుల్లెద్దు ఎలాగో లేచి గానుగ తిప్పుతూనే ఉంది. ఒక వానాకాలం వెళ్లింది. ఇంకొకటీ వెళ్లింది. మూడోదానికి మబ్బులు పట్టిన రోజున పుల్లెద్దు గానుగ పక్కనే కూలింది.

మైలెద్దు వచ్చేసరికి దాని కళ్లు ఆకాశం వైపే ఉన్నాయి.

"వాన మొదలైందా?"

చుక్క పడలేదు.

"మొదలైందిరా" అంది మైలెద్దు.

ఆ మాట విన్నాకే పుల్లెద్దు కళ్లు మూసింది.

మర్నాడు నక్క పాక ముందుకొచ్చి తోక దించుకుని నిలబడింది. "పాపం, మంచివాడు. ఏం చేస్తాం! నీదైతే గట్టి గుండె, నీకు ఒక్క చెక్క చాలు. చేరతావా?"

మైలెద్దు గోడకి ఆనించి ఉన్న కాడి వైపు చూసింది.

"నాకూ గుండెజబ్బుంది మామా. నిన్నటి నుంచి."

నీతి: ఏమిస్తారో విని మురిసేముందు, ఎప్పుడిస్తారో అడగాలి.