చిన్న వాలు

కడప ఎండల్లో పుట్టి పెరిగినవాడే గానీ, గుల్మార్గ్ మంచు మీద కాళ్ళకి స్కీలు తగిలించాడంటే ఓబులేసు ఎవరికీ అందడు. అయినా పోయినేడు శిక్షకుల పరీక్షలో తప్పాడు.

ఆ పరీక్ష తీరే అంత. స్కీలంటే ఏంటో తెలియని మనిషినొకరిని అప్పగిస్తారు. వారం తిరిగేసరికి ఆ మనిషి తనంతట తాను చిన్న వాలు దిగి, కింద ఆగి చూపించాలి. నేర్పినవాడు ఎంత బాగా జారతాడన్నది ఎవరికీ అక్కర్లేదు.

ఈసారి ఓబులేసుకి శకుంతలా తాయి దొరికింది. పుణెలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మరాఠీ మనిషి, తాయి అంటే వాళ్ళ భాషలో అక్క. పాపం, వాలు చూస్తే చాలు, ఆవిడ ఒళ్ళు కొయ్యబారిపోయేది. పరీక్ష రేపే. ఇదీ పోతే అతనికి ఇంకో అవకాశం లేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ వెల్లకిలా పడింది.

"వెనక్కి వాలొద్దని ఎన్నిసార్లు చెప్పాలి తాయీ? చెవులు పనిచేస్తున్నాయా?" అన్నాడు ఓబులేసు.

ఆవిడ స్కీలు విప్పి మంచులోనే వదిలేసి, నడుచుకుంటూ టీ కొట్టుకి వెళ్ళిపోయింది.

ఓబులేసు పోయి ఉస్తాద్ పక్కన కూలబడ్డాడు. ఉస్తాద్ అంటే అసదుల్లా. గుల్మార్గ్ మంచులోనే జుట్టు నెరిసిన మనిషి, అతనికి స్కీ నేర్పింది ఆయనే.

"నా గొంతు పోయింది ఉస్తాద్. ఒళ్ళు హూనమైపోయింది. అన్నీ సరిగ్గానే చెప్పాను. బండరాయికి చెప్పినా ఈపాటికి వచ్చుండేది."

ఉస్తాద్ తన మఫ్లరు తీసి అతని కళ్ళకు గట్టిగా కట్టాడు.

"లే. చిన్న వాలు దిగు. నేను చెబుతూ పక్కనే వస్తా."

పసిపిల్లలు దిగే వాలు అది. ఓబులేసు విసుక్కుంటూనే కదిలాడు.

"మోకాళ్ళు వంచు. బరువు ముందుకు వెయ్యి. వెనక్కి వాలకు," అంటున్నాడు ఉస్తాద్. అన్నీ ఓబులేసు రోజూ చెప్పే మాటలే. కాళ్ళ కింద మంచు వేగంగా జారిపోతోంది. ఎదురుగా ఏముందో తెలియదు. మరుక్షణం ఓబులేసు వెల్లకిలా పడున్నాడు.

"వెనక్కి వాలొద్దన్నానే," అన్నాడు ఉస్తాద్.

"భయం వేసింది ఉస్తాద్."

"నేను సరిగ్గానే చెప్పాను కదా నాయనా."

ఓబులేసు గంతలు విప్పుకున్నాడు. చాలాసేపు లేవలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది, లేచే ఓపిక మాత్రం రాలేదు. చివరికి ఎలాగో లేచి, మఫ్లరు ఆయన చేతికిచ్చి టీ కొట్టుకి నడిచాడు.

తాయి బల్ల మీద ఒక్కతే కూర్చునుంది. అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

"రేపు నేను రాను బాబూ. నీ పరీక్షకి వేరే ఎవర్నైనా చూసుకో."

ఓబులేసు పరీక్ష మాట ఎత్తలేదు. టీ చెప్పడానికి అటు తిరిగాడు. ఆవిడ అతని వీపంతా అంటుకున్న మంచు చూసింది.

"పడ్డావా?"

"పడ్డాను."

"ఎక్కడ?"

"చిన్న వాలు మీదే."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "నువ్వా? ఎలా పడ్డావు?"

"భయమేసి వెనక్కి వాలాను తాయీ."

ఆవిడ బల్ల మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.